పుట్టగొడుగుల్లా పుట్టుకురాని పుట్టగొడుగులు

మన పేపర్లవాళ్ళకి ఏదైనా లెక్కకి మించి ఎక్కువైందంటే చాలు, "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అని రాసేస్తారు. ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా, కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా, టీవీ ఛానెళ్ళు పుట్టగొడుగుల్లా. నేను చదివింది కూడా అలా పుట్టుకొచ్చిన కాలేజీలోనే కాబట్టి ఆ మాటతో నాకు మొదట్నుంచీ కాస్త చనువుంది. కానీ అలా రాసేవాళ్ళెవరూ జీవితంలో ఒక్కసారైనా పుట్టగొడుగులు పెంచి ఉండరని ఇప్పుడు ఘంటాపథంగా చెప్పగలను. నేను పెంచాను. మొదటి రెండు సంచుల్లో ఆకుపచ్చ బూజు తప్ప ఏమీ పుట్టుకురాలేదు.

ఇదంతా మా బాబాయి వల్ల మొదలైంది. బాబాయి రిటైరైన స్కూలు మాస్టారు, తణుకు దగ్గర ఓ పల్లెటూళ్ళో ఉంటాడు. రెండేళ్ళ క్రితం దసరాల ముందు ఫోన్ చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, పుట్టగొడుగుల కంపెనీవాళ్ళు వచ్చార్రా. లక్షన్నర కడితే విత్తనం, సంచులు, ట్రైనింగు అన్నీ వాళ్ళే ఇస్తారంట. పండింది పండినట్టు కిలో మూడొందలకి వాళ్ళే కొనుక్కుంటారంట. నువ్వు కాస్త నెట్లో చూసి చెప్దూ" అన్నాడు. ఆ వారం నాకు రిలీజ్ ఉంది. "చూస్తాలే బాబాయ్, నాలుగు రోజుల్లో చెప్తా" అన్నా. ఆ నాలుగు రోజులు మూడు వారాలయ్యాయి. గుర్తొచ్చి ఫోన్ చేస్తే, "నువ్వు బిజీగా ఉన్నావని నేనే కట్టేశాన్రా" అన్నాడు.

తర్వాత కథ మీరు ఊహించగలరు. మొదటిసారి పన్నెండు కిలోలు కొన్నారు. రెండోసారి క్వాలిటీ లేదన్నారు. మూడోసారి ఫోన్ స్విచాఫ్. ఇప్పటికీ ఆ డబ్బు రాలేదు, ఇక రాదు కూడా. బాబాయి నన్ను ఒక్కమాట అనలేదు. అదే ఇబ్బంది.

ఆ మూడు వారాల్లో చేయాల్సిన పని ఆ తర్వాత తీరిగ్గా చేశాను. అసలు కిలో పుట్టగొడుగుల ఖరీదెంత ఉండొచ్చు అని వెతకడం మొదలుపెట్టి, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు వందేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. బగ్ ఎక్కడుందో తెలియాలంటే కోడు పాత చరిత్ర తవ్వాలి కదా, ఇదీ అలాంటిదే.

ముందు పేరు సంగతి చూద్దాం. మనం పుట్టగొడుగు అన్నది పుట్ట మీద మొలిచే గొడుగుని. అంటే చెదపుట్టల్లోంచి తొలకరి వానలకి లేచే రకమన్నమాట. శాస్త్రవేత్తలు దాన్ని టెర్మిటోమైసిస్ అంటారు. చెదపురుగులు పుట్టలోపల తోటలు వేసి ఆ శిలీంధ్రాన్ని సాగు చేసుకుంటాయి. ఆ పుట్టగొడుగు రుచి తెలిసినవాళ్ళు ఇంకోటి ముట్టుకోరు. కానీ దాన్ని ఇంట్లో పెంచడం మనవల్ల కాదు, దానికి చెదపురుగుల కాపురం కావాలి. ఇప్పుడు మార్కెట్లో దొరికేవాటికీ పుట్టకీ ఏ సంబంధమూ లేదు. నేను చెప్పబోయే రకాన్ని వ్యవసాయ శాఖవాళ్ళు ముత్యపుచిప్ప పుట్టగొడుగు అంటున్నారు. ఇంగ్లీషు ఆయిస్టర్‌కి తెలుగన్నమాట. ఆ ఆయిస్టర్ కూడా లాటిన్ నుంచే వచ్చింది. 1770ల్లో వియన్నాలో జాకిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానికి ఆస్ట్రియాటస్ అని పేరుపెట్టాడు, ఆల్చిప్పలాంటిదని. 1871లో పాల్ కుమ్మర్ అనే జర్మన్ దాన్ని ప్లూరోటస్ అనే ప్రజాతిలోకి మార్చాడు. ప్లూరోటస్ అంటే పక్కన చెవి. ఎండుమాను పక్కనుంచి చెవిలాగా పొడుచుకొస్తుంది కాబట్టి ఆ పేరు. నన్నడిగితే ఆల్చిప్ప కంటే చెవే సరిగ్గా కుదిరింది.

పేరు పెట్టి వందేళ్ళు దాటినా దాన్నెవరూ పెంచే ప్రయత్నం గట్టిగా చేయలేదు. యూరప్‌లో పుట్టగొడుగులు పెంచడం లేదనుకునేరు. ఫ్రాన్స్‌లో 17వ శతాబ్దం నుంచే పారిస్ చుట్టుపక్కల తోటమాలులు గుర్రప్పేడ మీద బటన్ మష్రూమ్ పండించేవాళ్ళు. తర్వాత ఆ ఊరికింద రాళ్ళు తవ్వేసిన గనుల్లోకి, చల్లగా ఉంటుందని, ఆ సాగు దిగింది. అది డబ్బున్నవాళ్ళ భోజనాల బల్ల మీదకి వెళ్ళే పంట. దానికి కుళ్ళబెట్టిన ఎరువు కావాలి, పైన మట్టి పొర కావాలి, చలి కావాలి. అడివిలో ఎండుమాను మీద ఊరికే మొలిచే చెవుల్ని పెంచే అవసరం ఎవరికొస్తుంది?

ఆకలేసినవాళ్ళకి వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నౌకాదళం జర్మనీకి సముద్రంమీద తిండి చేరకుండా దిగ్బంధం చేసింది. దానికి తోడు 1916లో బంగాళాదుంపకి తెగులు పట్టింది. ఆ శీతాకాలాన్ని జర్మన్లు ఇప్పటికీ టర్నిప్ శీతాకాలం అంటారు. మామూలుగా పశువులకి వేసే ఒక దుంపని జనం మూడుపూట్లా తిన్నారు, అదీ దొరికినవాళ్ళు. అలాంటి కాలంలో, 1917లో, హాన్ మ్యుండెన్ అనే ఊళ్ళో అటవీ విద్యాలయంలో పనిచేసే రిచర్డ్ ఫాల్క్ అనే ప్రొఫెసరు ఒక వ్యాసం ప్రచురించాడు. చెట్లు నరికేశాక అడివిలో మిగిలిపోయిన మొద్దుల మీద ఆయిస్టర్ పుట్టగొడుగుని సాగు చేయొచ్చని. ఈ జాతిని మనుషులు శాస్త్రీయంగా పండించడం అక్కడ మొదలైందని చెప్తారు.

ఫాల్క్ గురించి చదువుతుంటే నాకు ముచ్చటేసిన విషయం ఒకటుంది. ఆయన అసలు పని పుట్టగొడుగులు పెంచడం కాదు, చంపడం. అప్పట్లో జర్మనీ ఇళ్ళల్లో చెక్కదూలాల్ని తినేసే ఒక శిలీంధ్రం పెద్ద బెడద. ఇంటి బూజు అనుకోండి, మనకి చెదలెలాగో వాళ్ళకి అదలాగ. దాన్ని ఎలా ఆపాలి, అది కలపని ఎలా తింటుంది అన్నదే ఆయన పరిశోధన. కలపని తినే శిలీంధ్రాల్లో రెండు రకాలున్నాయని తేల్చినవాళ్ళలో ఆయనొకడు. ఒక రకం సెల్యులోజుని తినేసి గోధుమరంగు పొడి మిగులుస్తుంది. రెండో రకం లిగ్నిన్‌ని, అంటే చెక్కకి గట్టిదనాన్నిచ్చే పదార్థాన్ని కూడా విరగ్గొట్టి, కలపని తెల్లగా పీచులా చేస్తుంది. మన ఆయిస్టర్ ఈ రెండో రకం. మామూలు సూక్ష్మజీవులకి లిగ్నిన్ కొరుకుడుపడదు. అందుకే మనుషులకీ చాలా జీవాలకీ తిండి కాని చెక్క, గడ్డి, పొట్టు దీనికి తిండి. ఇళ్ళని కూల్చే జీవుల గురించి తెలిసిన మనిషికే, వాటి అన్నదమ్ముల చేత అన్నం పెట్టించొచ్చని తట్టింది. సెక్యూరిటీవాళ్ళలో మంచివాళ్ళు ఇలాగే ఉంటారు, సిస్టమ్ ఎలా పడిపోతుందో తెలిసినవాడికే దాన్నెలా వాడుకోవాలో తెలుస్తుంది.

మొద్దు మీద సాగంటే ఓపిక కావాలి. శిలీంధ్రం ఎక్కించాక మాను లోపలంతా పాకడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు, వాన, చలి కుదిరినప్పుడల్లా కాపు కాస్తుంది. యుద్ధంలో ఆకలికి ఇది తక్షణం పనికొచ్చే మందు కాదు. కానీ దారి చూపించింది.

ఆయనకి దక్కిందేంటి? 1933లో హిట్లర్ వచ్చాడు. ఫాల్క్ యూదుడు. అరవయ్యేళ్ళ వయసులో ఉద్యోగం, దేశం రెండూ వదిలి పాలస్తీనా వెళ్ళాడు. తర్వాత పోలండు, సోవియట్ దేశం తిరిగి, చివరికి అమెరికా చేరి 1955లో అక్కడే పోయాడు. ఆకలికాలంలో తన దేశం వాళ్ళకి చెట్టుమొద్దుల మీద తిండి పండించడం నేర్పినాయన్ని ఆ దేశమే తరిమేసింది. ఇప్పుడు జర్మనీ సూపర్ మార్కెట్లో ఆ పుట్టగొడుగుని కొనుక్కునేవాళ్ళలో ఎంతమందికి ఆయన పేరు తెలుసుంటుందో!

మధ్యలో ఓ పిడకల వేట. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తూర్పు జర్మనీలో వాల్టర్ లుట్‌హార్ట్ అనే ఆయన బీచ్ చెట్టు దుంగల మీద ఇదే రకం శిలీంధ్రాల్ని పెంచుతూ, అవి తిన్నాక కలప మెత్తబడుతోందని గమనించాడు. పెన్సిళ్ళకి వాడే మెత్తటి కలప దిగుమతి చేసుకోవడానికి ఆ దేశానికి డబ్బుల్లేవు. ఇంకేముంది, బూజు తినగా మిగిలిన బీచ్ కలపతో పెన్సిళ్ళూ రూళ్ళకర్రలూ చేశారు. ఇది చదివినప్పుడు బాబాయికి చెప్తే తెగ నవ్వాడు. ముప్ఫయ్యేళ్ళు చాక్‌పీసులతో గడిపిన మనిషి కదా.

సరే, మొద్దు నుంచి సంచికి ఎలా వచ్చిందో చూద్దాం. దీనికి రెండు విషయాలు కుదరాలి. ఒకటి విత్తనం. పుట్టగొడుగుకి గింజలుండవు. పాతకాలంలో ఒక మడిలోని పేడగడ్డని తీసి ఇంకో మడిలో పెట్టేవాళ్ళు, దాంతోపాటు రోగాలూ వచ్చేవి. 1890ల్లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశుద్ధమైన విత్తనం తయారుచేశారు, కానీ దాన్ని ఎక్కించే మాధ్యమం మాత్రం పేడే. 1932లో పెన్సిల్వేనియాలో జేమ్స్ సిండెన్ అనే ఆయన, ఉడికించి శుద్ధి చేసిన ధాన్యపు గింజల మీద శిలీంధ్రాన్ని పెంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. చూడ్డానికి చాలా చిన్న విషయం. కానీ గింజ గింజకీ బూజు పట్టి ఉంటుంది కాబట్టి చేత్తో చల్లొచ్చు, ఒక్కో గింజా ఒక్కో కేంద్రం అయి అన్నివైపులకీ పాకుతుంది. మనదేశంలో ఆ గింజ చాలాచోట్ల జొన్న, కొన్నిచోట్ల గోధుమ. ప్లాస్టిక్ సంచిలో తెల్లబూజు పట్టిన జొన్నలు మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ వాటిని చెత్తలో పడేయబోయింది, ఆవిడ తప్పేం లేదు.

రెండోది మేత. 1958లో అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన బ్లాక్, ఆయన సహచరులు రంపపు పొట్టు మీద ఆయిస్టర్ పుట్టగొడుగుని పండించి చూపించారు. వాళ్ళ బాధ ఆకలి కాదు, కోతమిల్లుల దగ్గర కొండల్లా పేరుకుపోయే పొట్టుని ఏం చేయాలన్నది. దీంతో మొద్దు అవసరం పోయింది, అడివి అవసరం పోయింది. నాలుగు గోడల మధ్య పండించొచ్చని తేలింది. తర్వాత చాలాకాలం మన విత్తనం సంచుల మీద కనబడే 'ఫ్లోరిడా' అన్న రకం పేరు కూడా ఆ రాష్ట్రందే.

మనవాళ్ళ దగ్గరున్నది పొట్టు కాదు, గడ్డి. ఇక్కడే నాకిష్టమైన భాగం వస్తుంది.

వరిగడ్డి మీద పుట్టగొడుగులు దక్షిణభారతంలో కొత్త కాదు. 1943లోనే కోయంబత్తూరులో థామస్, రామకృష్ణన్, నరసింహన్ అనే ముగ్గురు వరిగడ్డి పుట్టగొడుగు సాగు గురించి రాశారు. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోవే కాబట్టి అది మన ప్రభుత్వం చేసిన పనేననుకోవచ్చు. కానీ ఆ రకం వేరు. వంద కిలోల గడ్డికి పది, పదిహేను కిలోలే వస్తుంది. కోసిన రోజే తినెయ్యాలి, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా నీరుకారిపోతుంది.

1950లో మైసూరులో, చెలువాంబ అమ్మణ్ణి ప్యాలెస్‌లో, కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ మొదలైంది. సీఎఫ్‌టీఆర్‌ఐ అంటే చాలామందికి తెలుస్తుంది. ఆ రోజుల్లో దేశం ముందున్న పెద్ద ప్రశ్న కడుపు నిండడం ఒక్కటే కాదు, పిల్లలకి మాంసకృత్తులు ఎక్కణ్ణుంచి తేవాలన్నది కూడా. గేదెపాలతో పసిపిల్లల ఆహారం చేయడం, వేరుశనగపిండితో పోషకాహారం చేయడం లాంటివి ఆ సంస్థలో జరిగిన పనులు. అమెరికా నుంచి ఓడల్లో గోధుమలు వస్తున్న కాలం అది. 1962లో అదే సంస్థలో జకియా బానో, హెచ్.సి. శ్రీవాస్తవ కలిసి వరిగడ్డి మీద ప్లూరోటస్‌ని పండించే పద్ధతిని ప్రచురించారు. మనదేశంలో ఆయిస్టర్ సాగుకి అది మొదలు. ఆ మరుసటి ఏడాది ఆ పుట్టగొడుగులోని మాంసకృత్తుల్లో ఏయే అమైనో ఆమ్లాలున్నాయో కూడా ఆవిడ బృందం లెక్కగట్టింది. ఆ తర్వాత పాతికేళ్ళకి, 1980ల చివర్లో, ప్లూరోటస్ గురించి ప్రపంచమంతా చేసిన పనిని సమీక్షిస్తూ బానో, రాజరత్నం రాసిన వ్యాసాల్ని ఇప్పటికీ విదేశీ పరిశోధకులు ఉదహరిస్తుంటారు.

ఒక్కసారి ఆగి ఇందులో గొప్పేంటో చూడండి. వరికోతలయ్యాక గడ్డి మిగులుతుంది. గేదె తినగా మిగిలిందాన్ని కొందరు కప్పులకి వాడతారు, కొందరు తగలబెడతారు. కిలో ఎండుగడ్డి మీద అరకిలో నుంచి కిలోదాకా పచ్చి పుట్టగొడుగులు వస్తాయి. దీనికి ఎరువు అక్కర్లేదు, పొలం అక్కర్లేదు. బటన్ మష్రూమ్‌కి చేసినట్టు వారాల తరబడి కుళ్ళబెట్టే పని లేదు. గడ్డిని అంగుళం రెండంగుళాల ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, మరుగుకి కాస్త తక్కువున్న వేణ్ణీళ్ళలో గంటసేపు ఉంచి, వడకట్టి, పిడికిట్లో పిండితే చుక్క పడనంత తడి ఉండగా పాలిథీన్ సంచిలో పొరలుపొరలుగా గడ్డీ జొన్నవిత్తనమూ వేసి, నాలుగు బెజ్జాలు పెట్టి చీకట్లో వదిలేస్తే మూడు వారాల లోపల సంచంతా తెల్లగా అల్లుకుంటుంది. తర్వాత సంచి కోసి, వెలుతురూ గాలీ తగలనిచ్చి, రోజుకి రెండుమూడుసార్లు నీళ్ళు చిలకరిస్తే గుండుసూది తలల్లా మొదలై నాలుగైదు రోజుల్లో చెవులవుతాయి. భూమిలేని మనిషి, ఓ పాక, ఓ గడ్డిమోపు ఉంటే చాలన్నమాట. లక్షన్నర ఎక్కడా అవసరం లేదు.

ఇక సోలన్ సంగతి. హిమాచల్‌లోని ఆ ఊళ్ళో 1961 నుంచీ పుట్టగొడుగుల మీద పని జరుగుతోంది. 1983లో జాతీయ పరిశోధనా కేంద్రం కూడా అక్కడే పెట్టారు. 1974లో జందైక్ అనే శాస్త్రవేత్త హిమాలయాల దిగువ కొండల్లో, ఎండిపోయిన జెముడు మొక్క మొదళ్ళ మీద మొలిచిన ఒక ప్లూరోటస్‌ని తెచ్చి సాగులో పెట్టాడు. యూరప్ రకాలకి చలి కావాలి, ఇది మన వేడికి తట్టుకుంటుంది. దానికి ప్లూరోటస్ సాజోర్ కాజు అని పేరు. నేనైతే ఏ పంజాబీ పేరో అనుకున్నా. కాదు, మలయ్ భాషలో సయూర్ అంటే కూర, కయు అంటే కొయ్య. కొయ్యకూర! ఎంత చక్కటి పేరో.

కానీ ఆ పేరు తప్పు. నిజమైన సాజోర్ కాజు వేరే ప్రజాతికి చెందినదని 1975లోనే పెగ్లర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తేల్చాడు. మనవాళ్ళు పెంచేది నిజానికి ప్లూరోటస్ పల్మొనేరియస్. అయినా దశాబ్దాల తర్వాత కూడా విత్తనం సంచుల మీద, ట్రైనింగు కరపత్రాల మీద సాజోర్ కాజు అనే ఉంటోంది. ఎవడో ఓ వేరియబుల్‌కి తప్పు పేరు పెట్టి వెళ్ళిపోతాడు, అందరికీ తప్పని తెలుసు, కానీ మారిస్తే ఎక్కడ ఏం విరుగుతుందోనని ఎవరూ ముట్టుకోరు. ప్రొడక్షన్‌లో యాభయ్యేళ్ళు నడిచిన తప్పు పేరు ఇది :-)

ఇంత సులువైతే మరి నా మొదటి రెండు సంచులు ఎందుకు పోయాయి? గడ్డిలో మన పుట్టగొడుగుకి పోటీదారులుంటారు, ముఖ్యంగా ట్రైకోడెర్మా అనే ఆకుపచ్చ బూజు. వేణ్ణీళ్ళ పని వాటిని తగ్గించడానికే. నేను గీజర్ నీళ్ళు పోసి సరిపెట్టాను. మూడోసారి పెద్ద గిన్నెలో పొయ్యి మీద పెట్టి సరిగ్గా చేశాను, డిసెంబరు చలి కూడా కలిసొచ్చింది. గంపెడు కాసింది. మా ఆవిడ మిరియాలూ వెల్లుల్లీ వేసి వేపుడు చేసింది. అమ్మ మాత్రం ముట్టుకోలేదు. మనుధర్మశాస్త్రం నిషేధించిన తిళ్ళలో వెల్లుల్లి, ఉల్లిపాయలతో పాటు పుట్టగొడుగు కూడా ఉంది, మా ఇంట్లో మొదటి రెండూ ఏనాడో లోపలికొచ్చేశాయి, మూడోది గుమ్మం దగ్గరే ఆగింది. పైగా 1984లో కెనడా శాస్త్రవేత్తలు ఈ ఆయిస్టర్ జాతి కంటికి కనబడనంత చిన్న పురుగుల్ని పట్టి తింటుందని కనిపెట్టారు. కలపలో నత్రజని తక్కువ కాబట్టి ఆ లోటు పురుగులతో పూడ్చుకుంటుందట. నోరు జారి ఇది అమ్మ ముందు అన్నాను. "నే చెప్పలా?" అంది.

ఇంకో తప్పు కూడా చేశాను. సంచుల్ని పడగ్గదిలో మూలకి వేలాడదీశాను, అక్కడ వెలుతురు బాగుందని. నాలుగో రోజుకి మా ఆవిడకి తుమ్ములూ దగ్గూ. ముదిరిన ఆయిస్టర్ పుట్టగొడుగు కోట్లకొద్దీ సిద్ధబీజాల్ని గాల్లోకి వదులుతుంది. 1970ల్లో యూరప్‌లో పెద్ద ఎత్తున సాగు మొదలయ్యాక పెంపకందార్ల ఊపిరితిత్తులకి ఇది పెద్ద సమస్య అయింది. జర్మనీలో గెర్‌లిండ్ ఎగర్ అనే శాస్త్రవేత్త సిద్ధబీజాలు లేని రకాల కోసం అప్పుడే పని మొదలుపెట్టింది. తర్వాత నెదర్లాండ్స్‌లోనూ అలాంటివి తయారుచేశారు. మనకి దొరికేవి ఎక్కువగా మామూలు రకాలే కాబట్టి బాల్కనీలోనో, పెరట్లోనో పెట్టుకోండి, అంచులు ముడుచుకు పైకి తిరక్కముందే కోసెయ్యండి, ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఇంట్లో అసలు వద్దు. బాబాయికి కంపెనీవాళ్ళిచ్చిన ట్రైనింగులో ఈ ఒక్కమాటా ఎవరూ చెప్పలేదు. షెడ్డులో ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోకుండా ఆర్నెల్లు పనిచేశాడు.

ఇప్పుడు ఆ మూడొందల లెక్క దగ్గరికొద్దాం. పచ్చి పుట్టగొడుగులో పదింట తొమ్మిదివంతులు నీళ్ళు. మాంసకృత్తులు వంద గ్రాములకి మూడు గ్రాముల చిల్లర, కరపత్రాల్లో వేసే పాతికా ముప్ఫయి శాతం ఎండబెట్టినవాటి లెక్క. పది కిలోలు ఎండబెడితే కిలో అవుతుంది. పచ్చివి ఫ్రిజ్ లేకుండా ఒకరోజు, ఉంటే మూడునాలుగు రోజులు. పెంచడం ఎవరైనా నేర్చుకోవచ్చు, విత్తనం వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల్లో చవగ్గానే దొరుకుతుంది. ఇలాంటి సరుకుని ఊరూరా తిరిగి ఎంత పండినా కిలో మూడొందలకి కొని, ఆపైన లాభానికి ఎవరికి అమ్ముతారు? వాళ్ళ వ్యాపారం పుట్టగొడుగులు కొనడం కాదు, విత్తనమూ సంచులూ పదింతల ధరకి అమ్మడం. మొదటి పన్నెండు కిలోలు కొన్న డబ్బు ప్రచారం ఖర్చు. ఫాల్క్ నుంచి బానో దాకా అందరూ చేసింది ఈ తిండిని చవగ్గా, ఎవరిచేతనైనా పండేలా చేయడం. సరుకుని అంత చవక చేసిన ఆ గుణమే, దాంతో లక్షలు వస్తాయన్న మాటని అబద్ధం చేస్తుంది. ఇది ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలే లెక్క. ఆ మధ్యాహ్నం నేను బాబాయికివ్వలేదు.

ఉద్యోగం వదిలేసి పుట్టగొడుగులతో నెలకి లక్షలు సంపాదిస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అని అప్పుడప్పుడూ వార్తలొస్తుంటాయి కదా, అవన్నీ అబద్ధమనను. ఊరి పక్కన పట్నం, అందులో హోటళ్ళు, రోజూ పొద్దున్నే సరుకు చేర్చే బండి, చల్లటి గది, ఇవన్నీ కుదుర్చుకుని బాగా చేసుకుంటున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు చేసేది పాల వ్యాపారం లాంటిది, రోజువారీ చాకిరీ. రెజిగ్నేషన్ లెటరు రాసేముందు ఓ శీతాకాలం బాల్కనీలో పది సంచులు పెంచి, వాటిని మీ అపార్టుమెంటులో అమ్మి చూడండి. నేను రెండు కిలోలు అమ్మడానికి నాలుగు బ్లాకులు తిరిగాను, అందులో ఓ కిలో మొహమాటానికి కొన్నారు.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇదంతా బాబాయికి చెప్పాను, ఫాల్క్ కథతో సహా. ఆరుబయట నులకమంచం మీద కూర్చుని మొత్తం విన్నాడు. "ఆ మైసూరావిడ పేరేంటన్నావ్?" అని అడిగి ఓ కాగితం మీద రాసుకున్నాడు. షెడ్డులో ఎనభై సంచులుండేవి, ఇప్పుడు పన్నెండు పెడుతున్నాడు. విత్తనం తనే వెళ్ళి తెచ్చుకుంటున్నాడు, గడ్డి ఎటూ ఇంట్లోదే. ఆదివారం ఆదివారం తణుకులో ఓ కూరగాయల కొట్టుకి నాలుగు కిలోలు వేస్తాడు, మిగిలింది వీధిలో పంచేస్తాడు. మూడు కాపులయ్యాక సంచిలో మిగిలిన గడ్డి గేదెకి. "మీ పిన్ని తినదు గానీ గేదె మాత్రం లొట్టలేసుకుంటూ తింటోందిరా" అన్నాడు.

మొన్న రాత్రి ఇంకో రిలీజ్ మధ్యలో ఉండగా ఫోన్ చేశాడు. రెండు సంచుల్లో ఆకుపచ్చ మచ్చ కనబడిందట, సున్నం చల్లితే ఆగుతుందా అని. మీటింగులోంచి బయటికొచ్చి, ఫోటో పంపించమన్నాను. ఆలస్యమైపోయింది, ఆ రెండూ మూతి కట్టేసి షెడ్డుకి దూరంగా పూడ్చెయ్యి బాబాయ్, మిగతావాటిని వేరే వైపుకి జరుపు అన్నాను. "మరి గేదెకి?" అన్నాడు. ఆ రెండూ గేదెకి పెట్టొద్దని చెప్పాను.